చింతపిక్కల పందెం, పదో తరగతి లెక్కలు

మిత్రులారా, మన బడిలో లెక్కల మాస్టారు పదో తరగతిలో సంభావ్యత పాఠాన్ని నాణేలతో మొదలుపెట్టలేదు. చింతపిక్కలు తెమ్మన్నారు. పిక్కను గరుకు రాయి మీద ఒకవైపు అరగదీస్తే తొక్క పోయి తెల్లటి పప్పు బయటపడుతుంది. అలాంటివి జట్టుకు 4. వరండాలో సుద్దముక్కతో 25 గళ్ల అష్టాచెమ్మా పటం గీయించి ఆడమన్నారు. పడిన ప్రతి పందేనికీ నోట్‌బుక్‌లో గీత పెట్టాలన్నది ఒక్కటే షరతు.

నాలుగూ తెల్లగా పడితే చెమ్మ, నాలుగూ నల్లగా పడితే అష్ట. అవి ఎందుకంత అరుదు, రెండు, అంటే రెండు పిక్కలు తెల్లగా పడటం, ఎందుకు మాటిమాటికీ జరుగుతుంది అని అడిగారు. "అదృష్టం సార్" అన్నాం. అప్పుడు నలుపు తెలుపుల వరసలన్నీ బోర్డు మీద మాతోనే రాయించారు. మొత్తం 16. అందులో రెండు పడే వరసలు 6, ఒకటికి 4, మూడుకు 4, చెమ్మకు 1, అష్టకు 1. తీరా చూస్తే మా గీతల లెక్క దీనికి సరిగ్గా సరిపోలేదు. పిక్క ఒకవైపు ఉబ్బుగా, అరగదీసిన వైపు చదునుగా ఉంటుంది, రెండు వైపులా ఒకేలా పడాలని లేదు కదా! సమసంభవం, అంటే అన్ని ఫలితాలకూ సమాన అవకాశం, అని పుస్తకం ముందే ఎందుకు షరతు పెడుతుందో నాకు అక్కడ అర్థమైంది.

పులిజూదం ఇంకో మెట్టు పైన. 3 పులులు, 15 మేకలు, తరగతి రెండు జట్లు. "ఎందుకో చెప్పాకే కదుపురా" అనేవారు. "ఇక్కడ పెడితే వెనక చోటు ఖాళీ లేదు, పులి మేక మీంచి దూకడం కుదరదు సార్" అని చెప్పాలి. అవతలి జట్టు ఒప్పుకోకపోతే వాదించి నిలబెట్టుకోవాలి. లెక్కల పీరియడంటే టెన్షన్‌తో వెనక బెంచీలో ఒదిగి కూర్చునేవాళ్లు కూడా మేకల కోసం గొంతెత్తేవారు. జ్యామితిలో ప్రతి మెట్టుకూ పక్కన కారణం రాయడం మాకు ఇక్కడే అలవాటైంది.

ఇప్పుడు చాలా బడుల్లో ఆటల పెట్టెలు కొంటున్నారు, సంతోషమే. కానీ ఆడించి లేపేస్తే పిల్లలకు సరదా మిగులుతుంది, పాఠం మిగలదు. మాస్టారు ఆటకు ఎంత సమయమిచ్చేవారో, ఆ తర్వాత ప్రశ్నలకూ అంత ఇచ్చేవారు.

మిత్రులకు నా మనవి. మన బడి వరండా గచ్చు మీద ఈ రెండు పటాలూ చెరిగిపోకుండా పెయింట్ చేయిద్దాం. ఖర్చు నేను పెట్టుకుంటాను. వారానికి ఒక్క పీరియడ్ ఇవ్వమని హెడ్‌మాస్టర్ గారిని మనమందరం కలిసి అడుగుదాం.