టికెట్టు లేని నాటకం, ఆఖరి బస్సు

మా విజయనగరం వైపు నాటకం చూడడానికి టికెట్టు కొనవలసిన పని దాదాపుగా లేదు. పరిషత్తు పోటీలు పెట్టినా, పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం రోజుల్లో వేదికలు కట్టినా, ప్రవేశం ఉచితమని కరపత్రం అడుగున అచ్చు వేస్తారు. అందుకే నాటకాన్ని పిల్లలకు అందుబాటులోకి తేవాలని ఎవరైనా అన్నప్పుడు నిర్వాహకులు కొంచెం నొచ్చుకుంటారు. తలుపులు బార్లా తీసి పెట్టాము, రాకపోతే మేమేం చేస్తామంటారు. వారి మాటలో అబద్ధం లేదు. అయితే నేను తెలుగు చెప్పే ఉన్నత పాఠశాల గరివిడి దాటి లోపలికి వెళ్లే దారిలో ఉంది. అక్కడి తొమ్మిదో తరగతి పిల్ల ఆ తలుపుల దాకా రావడానికి ముందు దాటవలసినవి ఎన్ని ఉన్నాయో రెండేళ్ల క్రితం దాకా నాకు కూడా సరిగా తెలియదు.

ఆ ఏడాది పట్టణంలో నాటిక పోటీలు జరుగుతున్నాయని తెలిసి, ప్రధానోపాధ్యాయుల అనుమతితో, తల్లిదండ్రుల సంతకాలు తీసుకొని, 22 మంది పిల్లలను వెంటబెట్టుకొని బయలుదేరాను. ఆరు గంటలకు మొదటి నాటిక అని ఆహ్వానపత్రంలో ఉంది. మేము ఆరింటికి ముందే కూర్చున్నాము. జ్యోతి వెలిగించారు. అతిథుల పరిచయం, ఆ అతిథులకు శాలువాలు, శాలువాలు కప్పినవారికి తిరిగి శాలువాలు, దాతల పేర్లు, రాలేకపోయిన దాతల తరఫున వచ్చినవారి పేర్లు, ఆ మీదట ఒక పెద్దాయన నాటకరంగ చరిత్ర అన్నీ అయి తెర లేచేసరికి ఏడుంబావు దాటింది. నాటిక మాత్రం బాగుంది. నెలకొక కొడుకు ఇంట్లో కాలక్షేపం చేసే ఒక ముసలి తండ్రి, ఎప్పుడో అమ్మేసిన తన ఇంటి తాళంచెవిని ఇంకా జేబులో పెట్టుకొని తిరుగుతుంటాడు. ఆ ఇంటిని కొనుక్కున్నవాడి ఎదుట నిలబడి ఆయన జేబులో చెయ్యి పెట్టబోతుండగా నేను గడియారం చూసుకొని లేవవలసి వచ్చింది, ఎందుకంటే మా ఊరి మీదుగా పోయే ఆఖరి పల్లెవెలుగు ఎనిమిదింటికి ఆర్టీసీ కాంప్లెక్సులో కదిలిపోతుంది. పిల్లలందరూ చప్పుడు కాకుండా చెప్పులు చేత పట్టుకొని, తలలు వంచుకొని, కుర్చీల సందుల్లోంచి బయటకు నడిచారు. వెనక వరుసలో ఎవరో, పిల్లలను తెస్తే ఇలాగే ఉంటుందని విసుక్కోవడం నా చెవిన పడింది. బస్సులో ఒక అమ్మాయి నా సీటు దగ్గరకు వచ్చి నిలబడి, "మేస్టారూ, ఆ తాళం ఇచ్చీసినాడేటి?" అని అడిగింది. నాకూ తెలియదు.

ఆ ప్రశ్న నన్ను చాలా రోజులు వదలలేదు. నా చిన్నతనంలో ఇటువంటి ప్రశ్న పుట్టే అవకాశమే లేదు, ఎందుకంటే ఆట మా వీధిలోనే జరిగేది. తూర్పు భాగవతం వచ్చిందంటే వీధి మధ్య రాట పాతి, చాపలు పరిచి, పిల్లలను ముందు కూర్చోబెట్టేవారు. మద్దెల మొదలైన గంటకు మేము నిద్రపోయేవాళ్లము. సత్యభామ వేషం వస్తున్నదంటే అమ్మో, పక్కింటి అత్తో తట్టి లేపేది. తప్పెటగుళ్లవారు గుండెల మీద రేకు తప్పెట కట్టుకొని, కాళ్లకు గజ్జెలు చుట్టి గుండ్రంగా తిరిగి ఆడుతుంటే, ఆ వలయం వెనక మరో వలయంగా మేమూ గెంతేవాళ్లము. దాన్ని కళావిద్య అని ఎవరూ అనలేదు. ఆట ఎంత రాత్రయినా ఇల్లు ఇరవై అడుగుల దూరంలో ఉండేది. నాటకం వీధి నుంచి హాలులోకి వెళ్లినందువల్ల వెలుగు, ధ్వని, కుర్చీ అన్నీ మెరుగయ్యాయి. పల్లె పిల్లకు మాత్రం మధ్యలో బస్సొకటి వచ్చి పడింది. నేను ఆ పాత కాలాన్ని తిరిగి రమ్మనడం లేదు. ఆ వీధి ఆటల్లో ఆడపిల్లలకు చూసే చోటు దొరికింది గాని ఆడే చోటు దొరకలేదన్న సంగతి నాకు తెలుసు.

విజయనగరం గొప్ప గురించి చెప్పేటప్పుడు మేమందరమూ ముందుగా ఎత్తుకొనేది గురజాడవారి కన్యాశుల్కమే. 1892లో జగన్నాథ విలాసినీ సభవారు దాన్ని ఈ ఊళ్లోనే తొలిసారి ప్రదర్శించారు. నాటకం మొదలయ్యేది కూడా ఇక్కడి బొంకులదిబ్బ దగ్గరే. ఆ నాటకంలో గిరీశాన్నీ మధురవాణినీ తలచుకున్నంతగా కరటకశాస్త్రి శిష్యుణ్ణి ఎవరూ తలచుకోరు. నాకు మాత్రం ఈ మధ్య అతనిమీదే దృష్టి పోతున్నది. గురువు ఆ కుర్రవాడికి ఆడపిల్ల వేషం వేసి, లుబ్ధావధానులకు పెళ్లికూతురుగా అమ్ముతాడు. కుర్రవాడు, చూసినవారికి నిజంగానే పెళ్లికూతురనిపించేలా నెగ్గుకొస్తాడు. తెలుగులో మొట్టమొదటి నటశిక్షణ దృశ్యాన్ని చూడాలంటే అక్కడే చూడవచ్చునని నా స్నేహితులతో సరదాగా అంటుంటాను. ఎదురుగా నేర్పే మనిషి, చేసి చూపడానికి ఒక పని, నమ్మించడానికి ఒక ప్రేక్షకుడు, ఈ మూడూ దొరికాయి గనుకే ఆ కుర్రవాడికి నటన పట్టుబడింది.

ఇక్కడి సంగీత కళాశాల సంగతి కూడా అటువంటిదే. 1919లో విజయరామ గజపతి రాజుగారు దాన్ని నెలకొల్పి, హరికథకు పెద్దదిక్కయిన ఆదిభట్ల నారాయణదాసుగారికి అప్పగించారు. తరువాతి కాలంలో కృష్ణా జిల్లా నుంచి చేతిలో కాసు లేకుండా వచ్చిన ఘంటసాలకు పట్రాయని సీతారామశాస్త్రిగారు పాఠం చెప్పారు. కడుపు మాత్రం ఈ ఊరి ఇల్లాళ్లు నింపారు. ఆయన జోలె కట్టుకొని మధూకరానికి తిరిగిన వీధులను మా పెద్దవాళ్లు ఇప్పటికీ చూపిస్తారు. ఫీజు మాఫీ చేసి ఊరుకుంటే ఆ కుర్రవాడు మూడో రోజున తిరుగు రైలెక్కి ఉండేవాడు.

బడిలో కళకు చోటు లేదని నేను అనలేను. కాగితం మీద ఉంది. 2005 నాటి జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం సంగీతం, నృత్యం, చిత్రలేఖనం, నాటకం పదో తరగతి దాకా ఉండాలని చెప్పింది. 2009 నాటి విద్యాహక్కు చట్టం షెడ్యూలులో 6 నుంచి 8 తరగతుల్లో 100 మందికి మించి పిల్లలున్న బడికి కళావిద్య నేర్పే పార్ట్‌టైమ్ బోధకుడు ఉండాలన్న నియమం ఉంది. 2020 జాతీయ విద్యావిధానం కళను పాఠంతో కలిపి నేర్పమన్నది. మా టైంటేబుల్లోనూ ఆ పీరియడు ఉంది. పరీక్షలు దగ్గరపడితే గణితం మాస్టారు ముందుగా అడిగేది దాన్నే, నేను ఇచ్చేసేదీ దాన్నే. ఇంకొక తప్పు పూర్తిగా నాదే. తెలుగు వాచకంలో నాటక భాగం వచ్చినప్పుడల్లా ఏళ్ల తరబడి కుర్చీలో కూర్చొని రాజు మాటలూ మంత్రి మాటలూ భటుడి మాటలూ నేనే గొంతు మార్చి చదివాను, చివర ప్రశ్నలు జవాబులు రాయించాను. పిల్లలు నవ్వేవారు, నాకు తృప్తిగా ఉండేది. వాళ్లలో ఒక్కరినైనా లేచి నిలబడి ఆ భటుడి మాటైనా చెప్పమన్నది లేదు.

ఆ సగం చూసిన నాటిక విషయానికి వస్తే, నేను ఆ నాటక సమాజం వారి నంబరు సంపాదించి, ముగింపు ఏమిటో చెప్పమని ఫోను చేశాను. అవతలి మనిషి కాసేపు మాట్లాడలేదు. తరువాత, చెప్పడం ఎందుకు, మేమే వచ్చి ఆడి చూపిస్తామన్నారు. వారు అడిగింది రానూపోనూ పెట్రోలు, మధ్యాహ్నం భోజనం, అంతే. ఒక శనివారం మధ్యాహ్నం నలుగురు వచ్చారు. తెర లేదు, లైట్లు లేవు, మైకు అవసరం లేదు. వరండాలో సుద్దముక్కతో గీత గీసి, ఇది ఆ ఇంటి గుమ్మం అనుకోండి అన్నారు. పిల్లలు నేలమీద, నటుల కాళ్లకు రెండు మూరల దూరంలో కూర్చున్నారు. తండ్రి వేషం వేసినాయనకు నలభై ఏళ్లుంటాయి, పగలు కరెంటు ఆఫీసులో ఉద్యోగం. పిల్లల కళ్ల ముందే కనుబొమలకు కొంచెం తెల్లరంగు పూసుకొని, కుడి భుజం అంగుళం కిందికి జార్చి, పై పెదవి లోపలికి లాక్కొని నడిచేసరికి, ముందు వరుసలో ఇద్దరు గభాలున వెనక్కి జరిగారు. మేము లేచిపోయిన చోటు నుంచే మొదలుపెట్టారు. ఆయన తాళంచెవిని తీసి, కొత్త యజమాని చాచిన చేతిలో పెట్టబోయి, బొటనవేలితో దాన్ని ఒకసారి తడిమి, తిరిగి జేబులోనే వేసుకొని వెళ్లిపోయాడు. ఇవ్వలేదు. "నాననుకున్నాను, ఇవ్వడని" అన్నది బస్సులో అడిగిన ఆ అమ్మాయి, పైకే.

అయ్యాక ఆ తాళంచెవిని పిల్లలు చేతుల్లోకి తీసుకొని చూశారు. అది ఆయన స్కూటరుది. హాలులో, అంత దూరం నుంచి, మాకది పాతకాలపు ఇనుప తాళంచెవిలా కనబడింది. స్కూటరు తాళంచెవిని అంత బరువుగా ఎలా పట్టుకున్నారని ఒక కుర్రవాడు అడిగితే, ఆయన ఆ కుర్రవాడి చేతికి సుద్దముక్క ఇచ్చి, దీన్ని గునపం అనుకొని ఎత్తమన్నాడు. మొదటిసారి అందరూ నవ్వారు. మూడోసారికి వాడి మెడ నరాలు బిగుసుకున్నాయి. ముప్ఫై ఏళ్లుగా వాచకం చదువుతూ నేను చెప్పలేకపోయిన అభినయం అన్న మాటకు అర్థం వాళ్లకు పది నిమిషాల్లో తెలిసింది.

అప్పటినుంచి శనివారం సాయంత్రం రిహార్సల్ పెట్టుకున్నాము. మొదట కన్యాశుల్కంలోని ఒక రంగం ప్రయత్నించాము. పిల్లలకు కథ నచ్చింది గాని మాట నోరు తిరగలేదు. అది వాడుక భాషే, కాని ఆనాటి అగ్రహారపు వాడుక. మా పిల్లల ఇళ్లలో మాట వేరు. దాన్ని పక్కన పెట్టి, మీకు తెలిసిన ఇంట్లో జరిగేది ఏదైనా చేయమన్నాను. చెన్నైకి భవనాల పనికి వెళ్లిన అమ్మానాన్నలు, ఇంటి దగ్గర మనవలను పెంచే అవ్వ, ఆదివారం రాత్రి వచ్చే ఫోను, ఇవన్నీ వాళ్లే తెచ్చి పెట్టారు. అవ్వ వేషం వేసిన పిల్ల ఫోనును కొంగు ముడిలోంచి తీసి, చెవికి పెట్టుకోకుండా పళ్లెంలా నోటి ముందు పట్టుకొని, చెన్నై దాకా వినబడాలన్నట్టు అరిచింది: "ఏటిరా, తిన్నావేటి?" అక్కడున్న పిల్లల్లో సగం మందికి అటువంటి అవ్వలే ఉన్నారు. ఎవరూ నవ్వలేదు.

ఆ నాటికను ఒక పోటీకి తీసుకెళ్లినప్పుడు న్యాయనిర్ణేతల్లో ఒకరు పిల్లల ఉచ్చారణను సరిదిద్దమని సలహా ఇచ్చారు. బాలల నాటికలంటే పిల్లల చేత పెద్దల ఉపన్యాసం వల్లె వేయించడమన్న అలవాటు మనలో బాగా పాతుకుపోయింది. చెట్లు నరకరాదని, సెల్‌ఫోను చెడ్డదని ఒక పిల్లవాడు వేదిక ముందుకు వచ్చి చెయ్యెత్తి చెప్పి వెనక్కి వెళ్తాడు, చప్పట్లు కొడతాము. నేనైతే ఉచ్చారణ జోలికి పోలేదు.

అన్నీ సజావుగా సాగుతున్నాయని చెప్పడానికి లేదు. ఇద్దరు ఆడపిల్లలు పదో తరగతికి రాగానే మానేశారు. వాళ్లలో ఒక పిల్ల అమ్మ బడికి వచ్చి, "నాటకాలేస్తే ఉజ్జోగం వస్తాదేటి మేస్టారూ?" అని సూటిగానే అడిగింది. వస్తుందని నేను అనలేదు. కేంద్ర ప్రభుత్వపు సాంస్కృతిక వనరుల, శిక్షణ కేంద్రం (సీసీఆర్‌టీ) 10 నుంచి 14 ఏళ్ల పిల్లలకు కళల్లో ఉపకారవేతనం ఇస్తుందని చెప్పి, దరఖాస్తు నింపడంలో సాయం చేస్తానన్నాను. ఆమె బెంగ ఉద్యోగం గురించి మాత్రమే కాదని తరువాత తెలిసింది; చీకటి పడ్డాక బస్సు దిగి తోట పక్కనుంచి పిల్ల ఒక్కతే నడవాలి. రిహార్సల్ సాయంత్రం నుంచి మధ్యాహ్నానికి మార్చాక పిల్ల మళ్లీ వస్తున్నది.

ఈసారి పోటీలు పెడుతున్నవారిని కలిసి రెండే రెండు కోరాను: ఒక నాటికనైనా పగలు ఆడించాలి, సన్మానాలు ఆట అయ్యాక పెట్టుకోవాలి. మొదటిదానికి వెంటనే ఒప్పుకున్నారు. రెండోదానికి చాలాసేపు ఆలోచించి, ముఖ్య అతిథిగారిని అడిగి చెబుతామన్నారు. ఆ అతిథిగారు నిన్న ఒప్పుకున్నారట. శనివారం రెండున్నరకు తెర లేస్తుంది, ఐదూ పదికి మాకు బస్సుంది.