అవెంటీన్ కొండ మీద విభూది బుధవారం

ఈస్టరుకు ముందు వచ్చే ఉపవాస దినాలైన తపస్కాలం విభూది బుధవారంతో మొదలవుతుంది. ఆ రోజు కతోలిక క్రైస్తవులం బూడిద స్వీకరిస్తాం. మా ఊళ్లో దానికి సన్నాహం ముందు ఆదివారమే మొదలయ్యేది. నిరుడు ఈస్టరుకు ముందు వచ్చిన మట్టలాదివారం నాడు దీవింపజేసుకొని ఇంటికి తెచ్చి, సిలువ పటం వెనక దోపి ఉంచిన ఈతమట్టలు అప్పటికి బాగా ఎండి, ముట్టుకుంటే పొడి రాలేవి. ఉపదేశి గారు వాటిని ఇంటింటి నుంచి పోగుచేసి గుడి వెనక కాల్చేవారు. ఆ బూడిదను పల్చని గుడ్డలో వేసి రెండుసార్లు జల్లిస్తుంటే, పుల్లలూ నలుసులూ పైన మిగిలిపోయి, కాటుకలాంటి మెత్తని పొడి పళ్ళెంలోకి దిగడం చిన్నతనంలో నేను పక్కనే కూర్చొని చూసేదాన్ని. గుంటూరు జిల్లాలో ఉపాధ్యాయినిగా పనిచేసి పదవీ విరమణ పొందిన తరువాత, 2025లో, కతోలికులకు పవిత్ర యాత్రల ఏడైన జూబిలీ సంవత్సరంలో, రోము యాత్రకు వెళ్లే భాగ్యం కలిగింది. ప్రయాణపు తేదీలు ఎంచుకునేటప్పుడు మార్చి 5 తప్పకుండా అందులో ఉండేలా చూసుకున్నాను. ఆ ఏడు విభూది బుధవారం ఆ రోజే వచ్చింది.

రోములో తపస్కాలాన్ని నడకతో ప్రారంభించడం ప్రాచీన ఆచారం. తపస్కాలంలో ఒక్కొక్క రోజుకు ఒక్కొక్క దేవాలయం నిర్ణయమై ఉంటుంది. విశ్వాసులు ఒకచోట కూడి, ప్రార్థిస్తూ నడిచి, ఆనాటి దేవాలయంలో దివ్యబలిపూజ సమర్పిస్తారు. వాటిలో మొదటిది అవెంటీన్ కొండ మీది సాంత సబీనా. కాలక్రమంలో సన్నగిల్లిన ఈ ఆచారాన్ని ఇరవయ్యో శతాబ్దంలో 23వ జాన్ పోపు గారు తిరిగి నిలబెట్టారు. రోములో చదువుకుంటున్న మా ప్రాంతపు ఫాదర్ గారు నాకు ప్రవేశపత్రం సంపాదించి, "అమ్మా, గుడి లోపలే కూర్చుంటే సగమే చూసినట్లు. ముందు సాంత్ ఆన్సెల్మో దగ్గర ఊరేగింపు బయలుదేరే చోటికి వెళ్దాం" అన్నారు. ఆయన మాట విన్నందుకు నాకు ఇప్పటికీ సంతోషంగా ఉంది.

సాంత్ ఆన్సెల్మో బెనెడిక్టు సభ అనే సన్యాసుల సంఘం వారి మఠం. సాంత సబీనా డొమినిక్ సభవారిది. రెండింటి మధ్య దూరం కొద్ది నిమిషాల నడక మాత్రమే. ఆ సాయంకాలం ప్రారంభ ప్రార్థన ముగిశాక ముందు సిలువ, వెనక ఆ రెండు సభల మఠవాసులు, ఆ వెనక ఊదారంగు వస్త్రాలు ధరించిన పీఠాధిపతులు, కార్డినళ్లు బయలుదేరారు. వాద్యాలు లేవు, పూలు లేవు, జయజయధ్వానాలు లేవు. సకల పునీతుల ప్రార్థన లాటిన్ భాషలో సాగుతోంది. ఒక్కొక్క పునీతుని పేరు పలికినప్పుడల్లా జనం "ఓరా ప్రో నోబిస్" అంటుంటే, నా నోట మాత్రం చిన్ననాటి నుంచి అలవాటైన "మా కొరకు ప్రార్థించండి" అన్న మాటే వచ్చింది. పండుగ ఊరేగింపులు నేను చాలా చూశాను. వెళ్తున్నవాళ్లందరూ తాము పాపులమని ఒప్పుకుంటూ నడిచే ఊరేగింపును, అదీ కార్డినళ్లతో సహా, చూడటం అదే మొదలు.

ఆ వరుసలో పోపు గారు లేరు. ఫ్రాన్సిస్ పోపు గారు ఫిబ్రవరి 14 నుంచి జెమెల్లి ఆసుపత్రిలో ఉన్నారు. రెండు ఊపిరితిత్తులకూ న్యుమోనియా సోకింది. ఆయన బదులు కార్డినల్ ఆంజెలో దె దొనాటిస్ గారు పూజను నడిపించారు. ఆయన పాపక్షమాపణకు సంబంధించిన వాటికన్ న్యాయపీఠానికి అధిపతి కావడం ఆ రోజుకు ఎంతో తగినట్లు నాకు తోచింది.

సాంత సబీనాను 5వ శతాబ్దంలో, సుమారు 422–432 మధ్య, ఇల్లీరియా పేతురు అనే గురువు కట్టించారు. దాని సైప్రస్ కొయ్య తలుపు కూడా ఆ శతాబ్దానిదే. చెక్కడపు పలకలలో 18 మాత్రమే నేటికి మిగిలాయి. ఎడమవైపు అన్నిటికంటే పైన ఉన్న చిన్న పలకను ఫాదర్ గారు చూపించేదాకా నేను గమనించనే లేదు. అందులో క్రీస్తు ప్రభువు చేతులు చాచి నిలబడి ఉన్నారు, ఇరుపక్కల ఇద్దరు దొంగలు ఆయనకంటే పొట్టిగా ఉన్నారు. సిలువ మాను దాదాపు కనిపించదు. ప్రార్థనకు చేతులు చాచినవాడిలాగే ఉన్నారు ప్రభువు. సిలువ మరణాన్ని చూపే శిల్పాలలో ప్రపంచంలోకెల్లా అతి ప్రాచీనమైన వాటిలో ఇది ఒకటి. ప్రతి శుక్రవారం సిలువ మార్గంలో మోకరించే మాలాంటివాళ్లం ఎన్నో వేల పటాలు చూసి ఉంటాం. మెడ నొప్పి పుట్టేదాకా చూడాలనిపించింది మాత్రం ఈ అరచేతి వెడల్పు బొమ్మలనే.

పూజలో యోవేలు ప్రవక్త మాటలు చదివారు: చీల్చుకోవలసింది బట్టలను కాదు, హృదయాలను. తరువాత మత్తయి సువార్త ఆరవ అధ్యాయం. ఉపవాసమున్నప్పుడు తలకు నూనె రాసుకొని, ముఖం కడుక్కొని, ఎవరికీ తెలియకుండా ఉండమని ప్రభువు చెప్పిన భాగం అది. ఏటా ఇది విన్న వెంటనే వెళ్లి నుదుట బూడిద పెట్టించుకొని, ఆ గుర్తుతోనే బడికి పోయేదాన్ని. ఈ రెండూ ఎలా పొసగుతాయో అని పిల్లలు అడిగితే తడబడేదాన్ని కూడా. రోములో బూడిదను నుదుట సిలువగా దిద్దరు. గురువు రెండు వేళ్లతో చిటికెడు తీసి నడినెత్తిన రాలుస్తారు. నా వంతు వచ్చినప్పుడు ముసుగు వెనక్కి జరుపుకొని తల వంచాను. ఏ స్పర్శా తెలియలేదు, ఏ బరువూ లేదు. పక్కకు వచ్చి చూసుకుంటే, చీర భుజం మీద రెండు మూడు నలుసులు మాత్రం కనిపించాయి. తల మీద ఉన్నది నాకు కనిపించదు. ఎదుటివాడు వంగి చూస్తే తప్ప అతనికీ కనిపించదు. సువార్తకూ బూడిదకూ పొత్తు అక్కడ కుదిరినట్లు అనిపించింది. అయితే మా ఊరి నుదుటి సిలువను దీనికంటే తక్కువగా నేను ఎంచలేను. బస్సులో ఎక్కిన ముక్కు మొహం తెలియని మనిషి నుదుట ఆ గుర్తు చూసి, ఈవిడా మనవాళ్లే అనుకునే ఆ ఆప్యాయత నడినెత్తి బూడిదలో లేదు.

1091లో రెండవ ఉర్బన్ పోపు గారి కాలంలో బెనెవెంటోలో జరిగిన పీఠాధిపతుల సమావేశం ఈ బూడిదను గురువులూ గృహస్థులూ అందరూ స్వీకరించాలని నిర్ణయించింది. అంతకు పూర్వం అది బహిరంగంగా ప్రాయశ్చిత్తం చేసే పాపులకు వేసిన గుర్తు. నేరస్థులకు వేసే గుర్తును నిరపరాధులమనుకునేవారంతా తామై కోరి వేయించుకోవడం చిన్న సంగతి కాదని నా నమ్మకం. ఫ్రాన్సిస్ పోపు గారు రాసి పంపిన ప్రసంగాన్ని కార్డినల్ గారు చదివారు. మనం ఎంత బలహీనులమో బూడిద గుర్తు చేస్తుందనీ, అయినా మనకు నిరీక్షణ ఉందనీ అందులో ఉంది. రోగశయ్య మీది మనిషి రాసిన మాటలు కాబట్టి, అంతమంది నిండిన ఆ గుడిలో దగ్గు కూడా వినిపించలేదు. ఆయన కూడా ఆ రోజు ఆసుపత్రి గదిలోనే విభూది స్వీకరించారని తరువాత తెలిసింది.

ఉపవాస నియమం 18 ఏళ్లు నిండిన వారికి మొదలై 59 నిండగానే ముగుస్తుంది, నాకు అప్పటికి 63. మాంస వర్జనం మాత్రం ఆజన్మాంతం. అయినా ఆ రోజు పగలంతా మంచినీళ్లు, ఒక రొట్టెముక్కతో గడిపి, రాత్రి మఠకన్యల యాత్రికుల గృహంలో చిక్కుడు గింజల పులుసు తిన్నాను. తపస్కాలం మొదటి రోజు తలలో పూలు తీసేసి, ఈస్టరు దాకా ముట్టని మా నాయనమ్మ ఆ పూట ఎంతో గుర్తొచ్చింది.

గురువారం సాయంత్రం వాటికన్‌లోని పేతురు గారి చౌకంలో పోపు గారి కోసం ప్రతి రాత్రీ జరిగే జపమాలకు వెళ్లాను. ప్రారంభానికి ముందు ధ్వనివర్ధకంలో ఒక గొంతు వినిపించింది. అర నిమిషం కూడా లేదు. మాటకూ మాటకూ మధ్య ఊపిరి బరువుగా లాగుతోంది. మీ ప్రార్థనలకు కృతజ్ఞతలు అని స్పానిష్ భాషలో ఫ్రాన్సిస్ పోపు గారు చెబుతున్నారని ఫాదర్ గారు నా చెవిలో అన్నారు. చౌకమంతా ఒక్కసారిగా చప్పట్లు కొట్టి, అంతలోనే నిశ్శబ్దమైంది. జపమాల ఇటాలియన్, లాటిన్ భాషలలో మొదలైంది. నేను నా పూసలు తీసి, తెలుగులోనే "దేవ వరప్రసాదముచేత నిండిన మరియమ్మా, వందనము" అని అందుకున్నాను. "ఇప్పుడును, మా మరణ సమయమందును" అన్న చోటికి వచ్చేసరికి గొంతు పెగలక, పక్కనున్న ఫాదర్ గారు అందుకొని పూర్తి చేశారు.