‘చెయ్యాలి’ అంటే ఏ చెయ్యాలి? వెబ్‌సబ్ స్పెసిఫికేషన్ పనిలో నా అనుభవం

2016 చివర్లో హైదరాబాద్‌లో మా చిన్న టీమ్ ఒక రీడర్ నడిపేది. తెలుగు బ్లాగుల్లో, వార్తల సైట్లలో కొత్తగా ఏది వచ్చినా ఒకే చోట చూపించడం దాని పని. అందుకోసం పది నిమిషాలకోసారి ప్రతి సైటు తలుపూ తట్టి "కొత్తది ఏమైనా వచ్చిందా?" అని అడిగేవాళ్లం. చాలాసార్లు రాలేదనే జవాబు. ఆ అడగడానికి మా సర్వర్ ఖర్చు, జవాబు చెప్పడానికి వాళ్ల సర్వర్ ఖర్చు.

దీనికి మందు అప్పటికే ఉంది. 2009లో గూగుల్‌లో ఉన్న బ్రాడ్ ఫిట్జ్‌ప్యాట్రిక్, బ్రెట్ స్లాట్కిన్ లాంటివాళ్లు మొదలుపెట్టిన పబ్‌సబ్‌హబ్బబ్ అనే ప్రోటోకాల్, అంటే సర్వర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే పద్ధతి. సైటు తన పేజీలోనే "నా హబ్ ఫలానా" అని చెబుతుంది; హబ్ అంటే మధ్యవర్తి సర్వర్. మనం ఆ హబ్ దగ్గర చందా కడతాం, అంటే కొత్తవి పంపమని పేరు నమోదు చేసుకుంటాం. కొత్తది రాగానే హబ్బే తెచ్చి మన గుమ్మంలో వేస్తుంది, పేపర్ కుర్రాడిలాగా. 2016లో వెబ్ ప్రమాణాలు తయారుచేసే సంస్థ డబ్ల్యూ3సీ వారి సోషల్ వెబ్ వర్కింగ్ గ్రూప్ దీన్ని చేపట్టింది, తర్వాత వెబ్‌సబ్ అని పేరు మార్చింది. దాని స్పెసిఫికేషన్‌కు, అంటే నియమాల పత్రానికి, జూలియన్ జెనెస్టూ, ఆరన్ పరెకీ ఎడిటర్లు. పని అంతా గిట్‌హబ్‌లో బహిరంగంగా సాగేది. ఎవరైనా చదవొచ్చు, ఎవరైనా ఇష్యూ తెరవొచ్చు, అంటే సమస్యో సూచనో రాసి పెట్టొచ్చు. అంత పెద్ద సంస్థ పత్రం మీద నాలాంటివాడు మాట్లాడొచ్చన్న సంగతి నాకు అప్పటిదాకా తెలియదు.

నన్ను అందులోకి లాగింది ఒక పొరపాటు. ఒక సైటుకు చందా కట్టాం. హబ్ వెంటనే 202 అని జవాబిచ్చింది, అంటే "అందింది, చూస్తాను" అని. ఆ తర్వాత అది మన చిరునామాకు వచ్చి ఒక ఛాలెంజ్, అంటే ఒక అర్థంలేని అక్షరాల వరస ఇస్తుంది. నిజంగా మనమే అడిగామని రుజువుగా ఆ వరసను ఉన్నదున్నట్టు తిరిగి చెప్పాలి. చెప్పాం. వార్తలు రావడం మొదలైంది. ఆరో రోజు ఆగిపోయాయి. ఎర్రర్ లేదు, హెచ్చరిక లేదు. ఆ సైటు వాళ్లు రాయడం మానేశారనుకుని నేను రెండు రోజులు ఊరుకున్నాను.

పాత లాగ్‌లు, అంటే సర్వర్ రాసిపెట్టుకునే చిట్టాలు, తిరగేస్తే కనిపించింది. మేము 30 రోజుల చందా అడిగాం, అంటే 2592000 సెకన్లు. హబ్ ఛాలెంజ్‌తో పాటు తిప్పి పంపిన అంకె 432000. అంటే ఐదే రోజులు. ఆ అంకె మా లాగ్‌లో మొదటి రోజు నుంచీ కూర్చుని ఉంది. మా కోడ్ ఛాలెంజ్‌ను తీసుకుని, పక్కనే ఉన్న గడువును వదిలేసింది.

కోపం వచ్చింది. స్పెసిఫికేషన్‌లో ఇంత ముఖ్యమైన సంగతి గట్టిగా చెప్పొద్దా అని ఆ రాత్రే కూర్చుని ఇష్యూ రాశాను. నా సవరణ ఇదీ: "చందాదారు గడువు ముగిసేలోపు మళ్లీ చందా కట్టాలి." అక్కడ ‘మస్ట్’ పెట్టమన్నాను.

పొద్దున్న టీమ్‌లో కొత్తగా చేరిన నల్గొండ అబ్బాయికి అది తెలుగులో వివరిస్తున్నాను. అంతా విని అడిగాడు, "అన్నా, ‘చెయ్యాలి’ అంటే చేసి తీరాలనా, చేస్తే మంచిదనా?"

నేను ఆగిపోయాను. తెలుగులో ‘చెయ్యాలి’ రెండింటికీ సరిపోతుంది. "పొద్దున్నే లేవాలి" అన్నా అదే క్రియ, "టికెట్ కొనాలి" అన్నా అదే. ఇంటర్నెట్ ప్రమాణాల్లో అలా కుదరదు. 1997లో స్కాట్ బ్రాడ్నర్ రాసిన ఆర్‌ఎఫ్‌సీ 2119 అనే పత్రం ఈ మాటల బరువును నిర్ణయించింది. ఆ అబ్బాయి వైట్‌బోర్డ్ మీద రాశాడు: మస్ట్ అంటే చేసి తీరాలి. షుడ్ అంటే చేస్తే మంచిది, మానాలంటే గట్టి కారణం ఉండాలి. మే అంటే చేయవచ్చు. ఆ తర్వాత స్పెసిఫికేషన్‌లోని ప్రతి వాక్యాన్నీ ఈ మూడు ముక్కల్లోకి మార్చి చదివాం. రెండు పూటలు పట్టింది. ఇంగ్లీషులో పదిసార్లు చదివినా కళ్లకు జారిపోయిన తేడాలు అప్పుడు పట్టుబడ్డాయి.

నా ఇష్యూ కింద వేరే దేశంలో హబ్ రాసే ఒకాయన ఒక్క ప్రశ్న వేశాడు: చందా వద్దనుకునేవాడు గడువు అయిపోనిస్తే ఎవరికి నష్టం? ఎవరికీ కాదు. ఆర్‌ఎఫ్‌సీ 2119 చివర్లో ఉన్నదే ఇది: ఇద్దరి మధ్య పని నడవడానికో, హాని తప్పించడానికో నిజంగా అవసరమైన చోటే అంత గట్టి మాట వాడాలి. గడువును అమలు చేసి తీరాల్సిన బరువు హబ్ మీద ఉంది, అది స్పెసిఫికేషన్‌లో అప్పటికే ఉంది. నేను మోపబోయింది నా నిర్లక్ష్యం తాలూకు బరువు, ప్రపంచంలోని చందాదారులందరి మీద. ఇష్యూ నేనే మూసేశాను. ఆ మూయడం నాకు చిన్నతనంగా అనిపించలేదు. ఒక వాక్యాన్ని ఎందుకు చేర్చకూడదో అంత ఓపిగ్గా ఒక తెలియనివాడికి చెప్పడం నేను అంతకుముందు ఏ ఆఫీసులోనూ చూడలేదు.

అప్పటి నుంచి అభిప్రాయాలు చెప్పడం తగ్గించి కోడ్ నడిపాం. డబ్ల్యూ3సీలో ఒక పత్రం ముందుకు పోవాలంటే అందులోని ప్రతి అంశం వేర్వేరు చేతులు రాసిన కోడ్‌లో పనిచేస్తుందని చూపించాలి. అందుకు వెబ్‌సబ్ డాట్ రాక్స్ అనే పరీక్షల సైటు ఉండేది. మాకు అసలు చిక్కు అక్కడే, సంతకం దగ్గర, ఎదురైంది.

హబ్ పంపే ప్రతి సరుకు మీదా మనం ముందే ఇచ్చిన రహస్యంతో సంతకం చేసి పంపుతుంది. పబ్‌సబ్‌హబ్బబ్ పాత 0.4 వెర్షన్‌లో ఆ సంతకానికి షా-1 ఒక్కటే దారి; షా-1 అంటే ఏ సమాచారం నుంచైనా ఒక పొట్టి గుర్తును లెక్కగట్టే పద్ధతి. 2017 ఫిబ్రవరిలో గూగుల్, ఆమ్‌స్టర్‌డామ్‌లోని సీడబ్ల్యూఐ పరిశోధకులు ఒకే షా-1 విలువ వచ్చే రెండు వేర్వేరు పీడీఎఫ్‌లను చూపించారు. దానివల్ల ఈ సంతకం వెంటనే కూలిపోదు, ఇందులో రహస్యం కలిపే పద్ధతి వేరు. అయినా బయటికి దారి ఉండాలి కదా. వెబ్‌సబ్‌లో అంతకంటే గట్టివైన షా-256, 384, 512 కూడా చేరాయి, ఏది వాడారో సంతకం ముందే రాస్తారు.

మేము షా-256తో పరీక్షించాం. ఇంగ్లీషు పోస్టులన్నీ పాస్. తెలుగు పోస్టు ఒక్కటీ పాస్ కాలేదు. మూడు రోజులు టెన్షన్. హబ్ రాసినవాళ్లదే తప్పని నేను దాదాపు తేల్చేశాను. నాలుగో రోజు ఆ అబ్బాయి వచ్చిన బైట్లనూ (కంప్యూటర్ అక్షరాలను దాచే అంకెలు) మేము సరిచూసే బైట్లనూ పక్కపక్కన ప్రింట్ తీశాడు. ‘అ’ అనే ఒక్క అక్షరం హబ్ నుంచి మూడు బైట్లుగా వస్తోంది. మా ఫ్రేమ్‌వర్క్ ఆ జేసన్‌ను (సమాచారాన్ని కట్టి పంపే ఒక రూపం) విప్పి, మళ్లీ కట్టేటప్పుడు అదే ‘అ’ను బ్యాక్‌స్లాష్‌తో మొదలయ్యే ఆరు ఇంగ్లీషు గుర్తులుగా మారుస్తోంది. చదివేవాడికి రెండూ ఒకటే, సంతకానికి కాదు. వచ్చినది వచ్చినట్టు, విప్పకముందే సరిచూడాలి. ఈసారి ఏ ‘చెయ్యాలి’ అని వాడు అడగలేదు.

మా నివేదికలో ఏ అంశాలు నడిచాయో, ఏవి నడవలేదో ఉన్నదున్నట్టు రాశాం. పరీక్షకు ఇంగ్లీషు కాని పాఠం కూడా వాడి చూడమని దీనికి కోడ్ రాసే మిగతావాళ్లకు రెండు లైన్లు చేర్చాం.

2018 జనవరి 23న వెబ్‌సబ్ డబ్ల్యూ3సీ రికమండేషన్, అంటే ఆమోదం పొందిన ప్రమాణం, అయింది. ఆ రోజే అదే గ్రూప్ తయారుచేసిన మరో ప్రమాణం యాక్టివిటీపబ్ కూడా. కాల్ చేసి చెబితే మా వాడు "గడువు గురించి ఏం రాశారన్నా చివరికి?" అన్నాడు. ఫోన్‌లోనే చదివి వినిపించాను: హబ్ గడువును అమలు చేసి తీరాలి, ముగింపు లేని చందా ఇవ్వకూడదు. మా సర్వర్‌లో వాడు అప్పటికే నాలుగో రోజుకే చందా మళ్లీ కట్టేలా పెట్టేశాడు.