తాడుకు రెండో కొస

ఉదయం 5.30కి మా కుక్క సింగడికి హార్నెస్ (ఛాతీ చుట్టూ వేసే పట్టీ) తొడిగి, రెండు మీటర్ల తాడు తగిలించి గేటు దాటేసరికి వీధిలో ఎవరూ లేరు. ఎవరూ ఉండకూడదనే నేను ఆ వేళకు బయలుదేరుతున్నాను. వాడి బరువు 36 కిలోలు, నాది 58. వాడికి నాలుగు కాళ్లు నేలకు ఆనుతాయి, నాకు రెండే. మూడు నెలల కిందట ఎదురుగా ఇంకో కుక్క కనబడగానే వాడు గొంతు చించుకుని అరుస్తూ నన్ను పది అడుగులు ఈడ్చుకుపోయిన రోజున, తాడును చేతికి రెండు చుట్లు చుట్టుకుని ఉన్నందువల్ల నా వేళ్లు కమిలిపోయి వారం రోజులు కలం పట్టలేకపోయాను. అప్పటినుంచి తాడును చేతికి చుట్టుకోవడం మానేశాను. కొసన ఉన్న ఉచ్చులో బొటనవేలు దూర్చి పిడికిలి బిగిస్తే చాలు. హార్నెస్‌కు ఛాతీ దగ్గర కూడా ఒక రింగు ఉంది. తాడు అక్కడ తగిలిస్తే వాడు ముందుకు లాగినప్పుడు ఒళ్లు పక్కకు తిరుగుతుంది కాబట్టి బలమంతా నా మీదకు రాదు. అయితే ఇది నా భుజాన్ని కాపాడుతుందే తప్ప వాడి మనసును మార్చదు.

ఇదే సింగడు మా అక్క వాళ్ల పెరట్లో, తాడు లేకుండా, వాళ్ల కుక్కతో గంటలకొద్దీ ఆడుకుంటాడు. చాలాకాలం ఇది నాకు మింగుడుపడలేదు. విడిగా ఉన్న కుక్కలు ఒకదానికొకటి తిన్నగా ఎదురు రావు. వంపు తిరిగి, చూపు పక్కకు మరల్చుకుని, మధ్యలో నేల వాసన చూస్తున్నట్టు నటించి, అప్పుడు దగ్గరవుతాయి, ఇష్టం లేకపోతే తప్పుకుపోతాయి. తాడు పట్టుకుని సన్నటి దారిలో ఎదురెదురుగా నడిపించే మనం వాటికి ఆ వంపునూ మిగల్చం, తప్పుకునే వీలునూ మిగల్చం. అప్పుడిక మిగిలింది అరుపే. పైగా అరవగానే అవతలి కుక్క తన దారిన వెళ్లిపోతుంది కదా, తాను అరిచినందువల్లే అది పోయిందని వీడి లెక్క. వాడి అరుపులో భయం ఎంత, దగ్గరికి వెళ్లలేకపోయిన ఉక్రోషం ఎంత అని విడదీయడానికి ప్రయత్నించాను కానీ రెండూ కలిసే ఉన్నాయని నా అనుమానం. నొప్పి ఉన్న కుక్కలు కూడా ఇలా చిరాకుపడతాయని తెలిసి, ఎదుటి కుక్కను చూసినప్పుడల్లా తిండి ముక్క ఇచ్చి ఈ అరుపు మాన్పించే శిక్షణ మొదలుపెట్టే ముందే పశువైద్యుడి చేత తుంటి కీళ్లు పరీక్ష చేయించాను. అక్కడ లోపమేమీ లేదు.

ఈ రోజు అసలు సంగతి రెండో మలుపులో జరిగింది. సుమారు 40 అడుగుల దూరంలో ఒకాయన చిన్న గోధుమరంగు కుక్కతో సందులోంచి బయటికి వచ్చారు. సింగడు అప్పటికి ఒక స్తంభం మొదట్లో వాసన చూడడంలో మునిగి ఉన్నాడు, వాడికి ఏమీ కనబడలేదు. నేను మాత్రం చూశాను, చూడగానే ఊపిరి బిగబట్టి, తాడును జానెడు లాక్కుని, కుడిచేతిని తిండి ముక్కలున్న ట్రీట్ల సంచిలోకి పోనిచ్చాను. వాడు తల పైకెత్తాడు. ముందు నా వైపు కాదు, వీధి వైపు చూశాడు; ఎడమకు, కుడికి, వెతుకుతున్నట్టు. దొరికింది. ఇక ఆ తరువాత జరిగింది నాకు అలవాటే.

“ఇటు” అని వెనక్కి తిప్పి వాణ్ణి ఆ మలుపు దాటించాక, గోడ పక్కన నిలబడి నాకు నేనే సిగ్గుపడ్డాను. కుక్క ఉందని వాడికి చెప్పింది నేనే. ఇన్ని వారాలుగా బిగిసిన తాడు తరువాత ఎప్పుడూ కుక్కే ఎదురైంది కాబట్టి, తాడు బిగిస్తే కుక్క వస్తుందని వాడు నేర్చుకున్నాడు. ట్రీట్ల సంచి కూడా అంతే. రష్యన్ శాస్త్రవేత్త పావ్లోవ్‌కు 1904లో నోబెల్ బహుమతి వచ్చింది జీర్ణక్రియ పరిశోధనకే అయినా, ఆయన పేరు వినగానే అందరికీ గుర్తొచ్చేది సంకేతం విని లాలాజలం కార్చిన కుక్కలే. ఆ ప్రయోగాల్లో వరుస ముఖ్యం: ముందు సంకేతం, వెనుక తిండి. నేను ఈ వరుసను తలకిందులు చేశాను. ఎదుటి కుక్క తిండికి సంకేతం కావలసింది పోయి, నా చెయ్యి సంచిలోకి వెళ్లడమే ఎదుటి కుక్కకు సంకేతమైపోయింది.

కొంతదూరం పోయాక ఒక మైదానం అవతలి అంచున ఇంకో కుక్క కనబడినప్పుడు చేతులను బొడ్డు దగ్గర కదలకుండా ఉంచుకున్నాను, తాడు వేలాడుతూనే ఉంది. వాడు చూశాడు. చెవులు నిక్కాయి కానీ నోరు తెరిచే ఉంది, ఒళ్లు బిగుసుకోలేదు. “ఊఁ” అన్నాను, ఆ తరువాతే సంచిలో చెయ్యి పెట్టి ఉడికించిన మాంసం ముక్క ఇచ్చాను. మళ్లీ చూశాడు, మళ్లీ ఇచ్చాను. మూడోసారి ఆ కుక్కను చూసి, నేనేమీ అనకముందే తల తిప్పి నా ముఖంలోకి చూశాడు. నాకు కళ్లు చెమ్మగిల్లాయి.

అక్కడితో ఇంటికి తిరిగి రావలసింది. ఆశ కొద్దీ ఇంకో వీధి చుట్టబోయాను. గోడ మీదినుంచి పిల్లి దూకింది, మామూలుగా పిల్లులను పట్టించుకోని వాడు ఈసారి విరుచుకుపడ్డాడు. మొదటి గొడవ తాలూకు ఉద్రేకం వాడి ఒంట్లో ఇంకా దిగలేదని నాకు తట్టి ఉండాలి. ఒకదాని మీద ఒకటి పడే ఒత్తిళ్లు పోగవుతాయి, చివరిది చిన్నదే అయినా అక్కడే కట్ట తెగుతుంది. ఇలాంటప్పుడు తాడును గట్టిగా గుంజి గద్దించమని సలహా ఇచ్చేవాళ్లు ఉన్నారు. నేనూ మొదట్లో ఆ పని చేశాను. ఎదుటి కుక్క కనబడగానే మెడకు నొప్పి కూడా తోడైతే వాడికి ఆ కుక్క మీద ప్రేమ ఎలా పుడుతుంది? మహా అయితే గుర్రుమనడం మానేస్తాడు, అప్పుడు నాకు ముందుగా అందే హెచ్చరిక కూడా పోతుంది.

అందుకని సాయంత్రం నడక మానేశాం. పాత తువ్వాలులో ముక్కలు చుట్టి ఇచ్చాను; వాడు ముక్కుతో విప్పుకుంటూ అరగంట గడిపి, అక్కడే కాళ్లు చాపి పడుకున్నాడు. నేను తాడు ఒక కొసను కుర్చీకి కట్టి, రెండో కొస పట్టుకుని హాల్లో ఆ చివరినుంచి ఈ చివరికి నడిచాను: చేతులు బొడ్డు దగ్గర, భుజాలు వదులుగా, ఊపిరి బయటికి, “ఊఁ” అన్న తరువాతే సంచిలోకి చెయ్యి. మొదటి పదిసార్లలో ఏడుసార్లు మాటకన్నా ముందు చెయ్యే కదిలింది.

అమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి చాలాసేపు చూసి, “ఏమే, ఆ కుర్చీ కూడా అరుస్తుందా?” అని అడిగింది. సింగడు ఒక కన్ను తెరిచి, ఎక్కడా ఏ కుక్కా లేదని చూసుకుని, మళ్లీ మూసుకున్నాడు.