చర్నీరోడ్డు ఒపేరా హౌస్: పేరుకే ఒపేరా

ముంబైలో టాక్సీ ఎక్కి ఒపేరా హౌస్ అంటే చాలు, ఇంకేం అడగరు, ఆ ఏరియా మొత్తానికీ అదే పేరు, వజ్రాల వ్యాపారులు రోడ్డు మీదే నిలబడి చిన్న చిన్న కాగితం పొట్లాలు విప్పి బేరాలాడేది కూడా అక్కడే. కానీ ఆ పేరు ఇచ్చిన అసలు బిల్డింగ్, అంటే ఒపేరాల (మాటలు కూడా పాటల్లోనే సాగే పాశ్చాత్య నాటకాల) కోసం కట్టిన థియేటర్, లోపలికి వెళ్లినవాళ్లు తక్కువ.

1908లో కలకత్తా నుంచి షోలు నడిపే మారిస్ బాండ్‌మన్, బొగ్గు వ్యాపారం చేసే పార్సీ ఆయన జహంగీర్ ఫ్రామ్‌జీ కరాకా కలిసి వేసిన ప్లాన్ ఇది. 1911లో బ్రిటన్ రాజు ఐదో జార్జి వచ్చి ఓపెన్ చేసేశాడు, అప్పటికి పని ఇంకా అవ్వనే లేదు! సగం కట్టిన ఫ్లైఓవర్‌కి రిబ్బన్ కట్ చేస్తే మనం నవ్వుతాం గానీ ఆ అలవాటు పాతదే అన్నమాట.

స్టైల్ బరోక్, పాతకాలం యూరప్ పద్ధతి. అంటే పెళ్లికూతురికి ఉన్న నగలన్నీ ఒకేసారి దిగేసినట్టు, ఎక్కడా ఖాళీ గోడ ఉండకూడదు, బాల్కనీ అంచుకి కూడా పూలూ తీగలూ బంగారు రంగూ. డోమ్‌ని 8 భాగాలు చేసి కవులకీ నాటక రచయితలకీ అంకితం ఇచ్చారు, ఫోయర్లో, అంటే ముందు హాల్లో, వేలాడే పెద్ద షాండ్లియర్లు వ్యాపారులైన ససూన్ ఫ్యామిలీ ఇచ్చినవి. సీలింగ్ మాత్రం అందం కోసమే కాదండోయ్, పైన చివర చవక టికెట్ వాడికి కూడా ప్రతి మాటా వినబడేలా కట్టారు. మైకుల్లేని కాలం కదా మరి.

ఒపేరాలతో ఎన్నాళ్లు బతుకుతుంది? మరాఠీ రంగస్థల గాయకుడు బాలగంధర్వ పాడారు, పృథ్వీరాజ్ కపూర్ నాటకాలు వేశారు, 1935 తర్వాత సినిమా హాల్ అయిపోయింది. 1952లో గుజరాత్‌లోని గోండల్ మహారాజా కొన్నారు. టీవీ, వీడియోలు వచ్చాక జనం తగ్గి 1993లో మూతపడింది, ఆ తర్వాత ఇరవై ఏళ్లకి పైగా తాళమే.

గోండల్ ఫ్యామిలీ అమ్మేసి మాల్ కట్టించుకోకుండా ఆభా నారాయణ్ లాంబా అనే కన్జర్వేషన్ ఆర్కిటెక్ట్ (పాత కట్టడాల్ని కాపాడే ఆర్కిటెక్ట్) చేత రిపేర్ చేయించారు, సినిమా కోసం పీకేసిన స్టేజీ పక్క బాక్సుల్ని (విడిగా కూర్చునే చిన్న గదుల్లాంటివి) పాత ఫోటోలు చూసి మళ్లీ కట్టారు, 2016లో తెరిచారు. బాగుంది, కాకపోతే దాన్ని దశాబ్దాలపాటు పోషించిన సినిమా రోజుల ఆనవాళ్లు కూడా కాస్త మిగిల్చి ఉంటే ఇంకా బాగుండేది అనిపించింది నాకు.

ఇప్పుడు 575 సీట్లే. వెళ్తే బాల్కనీ తీసుకోండి, కింద కూర్చుంటే సీలింగ్ చూసి చూసి మెడ పట్టేస్తుంది.