గాలి గుంజకు, ఉన్నకాడ ఆపు

కాలికి సిమెంటు కట్టుతో మూడు వారాలు మంచం మీదున్నాను. ఒక పొద్దున బాత్రూం దాకా పోయేసరికి దమ్మొచ్చింది. ఆక్సిజన్ 88, నాడి 124. నల్లగొండలో తీసిన ఛాతీ ఎక్స్-రే మాత్రం శుభ్రంగా ఉంది. ఇంత దమ్ముండి ఎక్స్-రే శుభ్రంగా ఉందంటేనే అనుమానించాలి: కాలి సిరలో కట్టిన నెత్తురు గడ్డ పైకొచ్చి ఊపిరితిత్తి ధమనిలో ఇరుక్కుందేమోనని. నాలాంటి కేసులో డీ-డైమర్ (గడ్డ ఆనవాలు చూసే రక్త పరీక్ష) కోసం ఆగరు. నెత్తురు గడ్డకట్టకుండా ఆపే హెపారిన్ ఇచ్చి నేరుగా సీటీ పల్మనరీ యాంజియోకు, అంటే నరంలోకి మందెక్కించి ఊపిరితిత్తి ధమనులు చూసే స్కాన్‌కు పంపుతారు.

నా ఉద్యోగమే సీటీ గదిలో. మందెక్కించే క్యాన్యులా (నరంలో పెట్టే సన్న గొట్టం) మోచేతి మడతలో పెట్టాలి, లావు 18 లేదా 20 గేజ్. చేతి వెనక సన్న నరానికి పెడితే సెకనుకు 5 మి.లీ. వేగానికి అది పగిలి, మందు చర్మం కిందికి పోయి చెయ్యి ఉబ్బుతుంది. అందుకే ముందు సెలైన్ తోసి చూస్తాం. తర్వాత స్కాన్‌లో ధమనిని తెల్లగా చూపే అయోడిన్ మందు 60 మి.లీ., వెనకే 40 మి.లీ. సెలైన్. గొంతు నుంచి పొత్తికడుపు దాకా వేడి పాకుతుంది, మూత్రం పోయినట్టే అనిపిస్తుంది, పోదు. దురద పుట్టినా గొంతు బిగిసినా వెంటనే చెప్పాలి.

ఇన్ని తెలిసినా నా మొదటి స్కాన్ చెడింది. "శ్వాస ఆపండి" అనగానే గట్టిగా గాలి గుంజాను. దమ్ములో ఉన్న మనిషికి అదే వస్తుంది. అలా గుంజితే ఛాతీలో ఒత్తిడి పడిపోయి, మందు కలవని రక్తం కడుపు వైపు నుంచి ఒక్కసారిగా గుండెలోకి వచ్చి మందును పలుచన చేస్తుంది. తెల్లగా వెలగాల్సిన ధమని బూడిదరంగులో కనిపిస్తుంది. అది గడ్డా, మందు చాలకపోవడమా తేలదు. రెండోసారి టెక్నీషియన్ తమ్ముడు చెవి దగ్గరికి వచ్చి, "అన్నా, గాలి గుంజకు. ఉన్నకాడ ఆపు" అన్నాడు. ఐదు సెకన్లలో అయిపోయింది.

రెండు వైపులా ధమనుల్లో తెల్లటి వలయం, నడుమ బూడిద గడ్డ. అదే స్కాన్‌లో ఇంకొకటి చూడాలి: గుండెలో కుడి జఠరిక (కింది గది) ఎడమదాని కన్నా వెడల్పుగా ఉంటే గుండె మీద భారం పడ్డట్టే. నాకు అలాగే ఉంది. బీపీ నిలబడింది కాబట్టి గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఇవ్వకుండా ఐసీయూలో రెండు రాత్రులు కనిపెట్టుకున్నారు.

నెత్తురు మళ్లీ గడ్డకట్టకుండా, ఒంటి బరువు కిలోకు 1 మి.గ్రా. లెక్కన ఎనాక్సాపారిన్ సూది, 12 గంటలకోసారి. తర్వాత అదే పనికి రివరోక్సబాన్ మాత్ర 15 మి.గ్రా. రోజుకు రెండుసార్లు, 21 రోజులు. ఆపైన 20 మి.గ్రా. ఒక్కసారి. అన్నంతోనే వేసుకోవాలి, ఖాళీ కడుపున ఒంటికి సరిగా పట్టదు. మూడో నెలలో నల్లగొండలోని లతీఫ్ సాబ్ గుట్ట ఎక్కాను, నడుమ రెండుసార్లు కూర్చుని.