సోమవారం పోయినా, మంగళవారం దొరికాడు

ఇటలీలోని ఫ్లోరెన్స్‌లో మేం దిగింది సోమవారం. ఉఫీజీ చిత్రశాలకీ సెలవే, పిట్టీ రాజభవనానికీ సెలవే. మా ఆవిడ ఏమీ అనలేదు గానీ, చూసిన చూపు చాలు. ఆ పూట ఆర్నో నది ఒడ్డున నడకతోనే సరిపెట్టుకున్నాం.

మర్నాడు పిట్టీకి వెళ్లాం. అక్కడి పాలటైన్ గ్యాలరీలో బొమ్మలకు వరుసా వాయీ ఉండదు. పాత ప్రభువులు అలంకరించుకున్న పద్ధతిలోనే, బంగారు పూత ఫ్రేములతో గోడలు పైదాకా నిండిపోయి ఉంటాయి. జనమంతా రఫేల్ బొమ్మల దగ్గర మూగారు. నాకు మాత్రం ఒకే చిత్రకారుడి పేరు మళ్లీ మళ్లీ ఎదురైంది: యుస్టుస్ సుస్టెర్మాన్స్.

1597లో, ఇప్పటి బెల్జియంలోని ఆంట్వెర్ప్‌లో పుట్టాడు. ప్యారిస్ మీదుగా 1620 ప్రాంతంలో ఇక్కడికొచ్చి, ఈ ఊరినేలే మెడిచీ ప్రభువుల కొలువులో చేరాడు. 1681లో కన్ను మూసిందీ ఇక్కడే. రెండో కోసిమో, ఆయన కొడుకు రెండో ఫెర్డినాండో, మనవడు మూడో కోసిమో... అందరి బొమ్మలూ వేసింది ఇతనే. తాత పెళ్లికీ మనవడి బారసాలకీ ఒకే ఫొటోగ్రాఫర్ వచ్చినట్టు! ఫెర్డినాండో తల్లి ఆస్ట్రియా రాజవంశమైన హాబ్స్‌బర్గుల ఆడపడుచు. కొడుకు ముఖంలో ఆ వంశపు గుర్తైన లావుపాటి కింది పెదవిని మన చిత్రకారుడు దాచలేదు. పైగా కవచం మీద మెరుపూ, మెడ దగ్గర లేసూ ముట్టుకుంటే చేతికి తగిలేలా దిద్దాడు. ముఖానికి మొహమాటపడని ఈ ఫ్లెమిష్ (ఆంట్వెర్ప్ వైపు) చేయి బట్ట దగ్గర మాత్రం మురిపెం చూపిస్తుంది.

అదే గ్యాలరీలోని మార్స్ గదిలో, ఆంట్వెర్ప్ మహాచిత్రకారుడు రూబెన్స్ వేసిన పెద్ద యుద్ధ చిత్రం ఉంది. అదీ సుస్టెర్మాన్స్ ద్వారా ఫ్లోరెన్స్ చేరిందే. 1638 మార్చిలో రూబెన్స్ అతనికి రాసిన ఉత్తరంలో బొమ్మలో ఎవరెవరో వివరించాడు; నల్లబట్టల్లో చేతులెత్తి ఏడుస్తున్న ఆడమనిషి యూరప్ అట. పెట్టెలో ప్రయాణించి రంగులు పసుపెక్కితే ఎండలో పెట్టమనీ, అవసరమైతే నువ్వే చేయి చేసుకోమనీ చెప్పాడు. అంతటి రూబెన్స్ తన బొమ్మ మీద ఇంకొకరికి కుంచె పెట్టనివ్వడమంటే చిన్న నమ్మకమా!

చివరికి ఉఫీజీలో, సుస్టెర్మాన్స్ వేసిన 1636 నాటి గెలీలియో. అప్పటికాయనకు డెబ్భై దాటాయి. 1633లో చర్చి విచారణలో వచ్చిన తీర్పు వల్ల ఊరి బయట ఆర్చెట్రి ఇంట్లో నిర్బంధం. మరో రెండేళ్లకు చూపు పూర్తిగా పోయింది. చిత్రంలో కళ్లు మాత్రం కొంచెం పైకి, మనల్ని దాటి ఎటో చూస్తున్నాయి. నుదుటి మీద వెలుగు, కింద నల్లటి అంగీ.

మా ఆవిడ దగ్గరగా వంగి చూసి, "ఈయన కాలరుకి లేసు లేదేమండీ?" అంది.